కొయ్య ప్రొపెల్లరు పుట్టుపూర్వోత్తరములు

ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా దేశములలో కొన్ని పాత ఇండ్ల గోడలమీద ఆరడుగులకు మించిన పొడవుగల కొయ్య వస్తువొకటి కానవచ్చును. నడుమ లావుగా నుండి, ఇరుప్రక్కల క్రమముగా పలుచబడి, మెలి తిరిగియున్న ఆ వస్తువు పాత విమానపు ప్రొపెల్లరు. గిరగిర తిరిగి, గాలిని వెనుకకు నెట్టి, విమానమును ముందునకు నడపు పంకా అదియే. "మా తాతగారు మొదటి ప్రపంచ యుద్ధములో నడిపిన విమానమునకు ఉండినది ఇదే" అని ఆ ఇంటివారు చూడవచ్చినవారితో చెప్పుదురు. తాతగారు గతించి ఏండ్లు గడచినవి. విమానము ఎన్నడో శిథిలమైనది. మిగిలినవి రెండే: ఈ కొయ్య, ఆ మాట.

ఆ మాట నిజము కావచ్చును. ప్రొపెల్లరు ఆ యుద్ధకాలపుదే యైనను మరియొక విమానమునకు చెందినది కావచ్చును. ఎన్నడును ఆకాశము నెరుగక గిడ్డంగిలో పడియుండి, యుద్ధము ముగిసిన పిదప చవుకగా అమ్ముడుపోయినది కావచ్చును. అసలు విమానమునకే చెందనిదియు కావచ్చును. వీనిలో ఏది సత్యమో తేల్చుటకు వేరు సాక్షులు లేనప్పుడు ఆ కొయ్యయే సాక్షి. ప్రశ్నించు పద్ధతి తెలిసినచో అది చాలవరకు జవాబు చెప్పును. ఆ పద్ధతి బోధపడవలెనన్న, ప్రొపెల్లరు ఎట్లు పుట్టినదో మొదట తెలిసికొనవలెను.

లెక్కలో పుట్టిన వస్తువు

1902వ సంవత్సరాంతమున అమెరికాలోని డేటన్ నగరములో విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ సోదరులు ఇంజనుగల విమానమును నిర్మింప పూనుకొనిరి. గ్లైడరుతో గాలిలో తేలుట, దానిని అదుపులో నుంచుట వారు అప్పటికే నేర్చియుండిరి. ప్రొపెల్లరు విషయము సులభమని వారు తలచిరి. అర్ధశతాబ్దికి పైగా ఓడలు ప్రొపెల్లరులతో నడచుచుండెను గదా! ఓడల ఇంజనీర్ల సూత్రములను తీసికొని, నీటి సాంద్రతకు బదులు గాలి సాంద్రతను వేసిన చాలునని వారి ఊహ. గ్రంథములు వెదకి చూడగా వారికి పనికివచ్చు సూత్రములు దొరకలేదు. ఓడల ప్రొపెల్లరులు అనుభవముచేత, ఒకటి పనికిరాకున్న మరియొకటి చేసి చూచుటచేత కుదిరినవే. అంత ఖర్చు భరించు శక్తిగాని, అంత కాలముగాని ఆ సైకిలు దుకాణదారులకు లేవు.

అప్పుడు వారికి తోచిన కీలకమైన భావమిది. ప్రొపెల్లరు ఆకు గాలిని వెనుకకు తోడివేయు పార కాదు. అది సుడిత్రోవలో పయనించు రెక్క. విమానపు రెక్క గాలిలో దూసికొనిపోవునప్పుడు పైకెత్తు బలము పుట్టునట్లే, తిరుగు ఆకుపై ముందునకు లాగు బలము పుట్టును. రెక్కలను గురించిన కొలతలు వారియొద్ద ఉండెను. 1901లో చిన్న వాయు సొరంగమును నిర్మించుకొని, అందులో సుమారు 200 రెక్క ఆకృతులను వారు పరీక్షించియుండిరి. అయినను లెక్క చిక్కుగానే యుండెను. ఆకు తిరుగుచున్నది, విమానము ముందునకు పోవుచున్నది, గాలి వెనుకకు జారుచున్నది, వీనిలో ఒకటి మారిన తక్కినవన్నియు మారును. అన్నదమ్ములు నెలల తరబడి వాదులాడుకొనిరి. ఒక్కొక్కప్పుడు వాదము ముగియునప్పటికి ఒకరి పక్షమును మరియొకరు స్వీకరించి, విభేదము మాత్రము మొదటివలెనే నిలుపుకొనుచుండిరట!

తుదకు మూడు స్ప్రూస్ పలకలను అంటించి, చేగొడ్డలితోను, రెండు చేతులతో లాగు కత్తితోను చెక్కి, ఎనిమిదిన్నర అడుగుల వ్యాసముగల రెండు ప్రొపెల్లరులను సిద్ధము చేసిరి. 12 అశ్వశక్తుల ఇంజను గొలుసుల ద్వారా ఆ రెంటిని ఎదురెదురు దిక్కులకు త్రిప్పుచుండెను. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ సమీపమున ఆ విమానము మొదట 12 సెకండ్లలో 120 అడుగులు, అదే దినమున నాలుగవసారి 59 సెకండ్లలో 852 అడుగులు ఎగిరెను. ఇటీవలి కాలమున అదే నమూనాలో ప్రొపెల్లరులు చేసి పరీక్షింపగా, ఇంజను ఇచ్చిన శక్తిలో నూటికి సుమారు 75 వంతులు అవి పనికి మార్చుచున్నట్లు తేలినది. చేగొడ్డలితో చెక్కిన కొయ్యకు ఇది సామాన్యమైన ఘనత కాదు.

ఈ కథలో ప్రస్తుత విషయమునకు పనికివచ్చు అంశమొకటి కలదు. రైట్ సోదరులు ఇంజను శక్తి, తిరుగు వేగము, విమానపు వేగము తీసికొని, వానినుండి ప్రొపెల్లరు ఆకారమును రాబట్టిరి. ఆ తరువాత వచ్చిన మంచి ప్రొపెల్లరులన్నియు అట్లే పుట్టినవి. అందుచేత దాని ఆకారములో అలంకారము కొరకు చేసినది దాదాపుగా ఏమియు ఉండదు. ప్రతి వంపును ఒక ప్రశ్నకు జవాబే. పాత ప్రొపెల్లరును గుర్తించువాడు చేయు పని ఆ లెక్కను తిరగవేయుటయే. ఆకారమునుండి అతడు ఇంజనును, ఇంజను నుండి విమానమును రాబట్టును.

పొరమీద పొర

ఐరోపాలో ఈ విద్యకు పేరు తెచ్చినవాడు ఫ్రాన్సు దేశీయుడైన లూసియెన్ షోవియేర్. అతడు అక్రోటు కొయ్య పలకలను పొరలుగా అంటించి చెక్కిన ప్రొపెల్లరునకు 'ఇంటెగ్రాల్' అని పేరు పెట్టెను. 1909 జూలై 25న లూయీ బ్లేరియో 25 అశ్వశక్తుల అంజానీ ఇంజనుతో ఇంగ్లీషు ఛానలును దాటినప్పుడు అతని విమానమునకు ఉండినది అట్టి ప్రొపెల్లరే. ఆ ప్రయాణము అరగంటకు మించి కొద్ది నిమిషములు మాత్రమే సాగినది. ఆ తరువాత పొరల ప్రొపెల్లరు లోకమంతట వాడుకలోనికి వచ్చెను.

ఒకే దుంగనుండి ఏల చెక్కరాదు? కొయ్య సజీవ వృక్షమునుండి వచ్చినది. తేమ తగిలిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనును, వంకర తిరుగును. ఒకే దుంగనుండి చెక్కిన ప్రొపెల్లరు వానకాలము గడచునప్పటికి ఆకు కోణమును మార్చుకొనవచ్చును. అంగుళము మందము లోపు పలకలను కొన్నింటిని చేర్చి అంటించినచో, ఒకదాని వంకరను మరియొకటి అడ్డగించును. ఒక పలకలో ముడియున్నను ప్రొపెల్లరంతయు చెడదు. పైగా పలకలను విసనకఱ్ఱ ఆకులవలె ఒకదానిపై నొకటి కొంచెము ప్రక్కకు జరిపి పేర్చినచో, ఆకు మెలి ముందుగానే ఏర్పడి, చెక్కి పారవేయు కొయ్య తగ్గును.

జంతు చర్మములనుండి తీసిన జిగురును వేడిగా పూసి, పలకలను బిగించి, ఆరనిచ్చి, వడ్రంగులు మొదట ముతకగా చెక్కుదురు. పిమ్మట ప్రతి కొన్ని అంగుళముల కొకచోట కొలత అచ్చులను ఆనించి చూచుచు, చిత్రికతోను, గీకుడు రేకుతోను తుది రూపము నిత్తురు. నడుమ రంధ్రములో కడ్డీ దూర్చి, కత్తి వాదరవంటి ఆధారములపై నుంచినప్పుడు ప్రొపెల్లరు ఎటును మ్రొగ్గక నిలువవలెను. చివరకు వార్నిషు పూయుదురు. వానచినుకులు, ఇసుక, గడ్డి తగిలి ఆకుల కొసలు చెడకుండ గుడ్డ అంటించుటయు, ఇత్తడి రేకు తొడుగుటయు కలదు. రేకు కొసన సూదిబెజ్జములవంటి చిన్న రంధ్రములుండును. లోపల చేరిన తేమ తిరుగు వేగమునకు వానిగుండ బయటకు చిమ్మబడును. ఇట్టి చిన్న వివరములే తరువాత సాక్ష్యములగును.

కొలతలు చెప్పు సంగతులు

మొదట చూడవలసినది వ్యాసము. మొదటి యుద్ధకాలపు యుద్ధ విమానముల ప్రొపెల్లరులు సామాన్యముగా ఎనిమిది మొదలు పది అడుగుల వరకు ఉండును. తరువాత ఆకుల సంఖ్య. మెల్లగా తిరుగుచు ఎక్కువ శక్తిని గ్రహింపవలసిన ప్రొపెల్లరునకు నాలుగాకులు పెట్టుట వాడుక. బ్రిటిషువారి బి.ఇ. 2సి విమానమునకు అమర్చిన ఆర్.ఏ.ఎఫ్. 1ఏ ఇంజను ఇందుకు నిదర్శనము. అందులో ప్రొపెల్లరును క్రాంకు కడ్డీకి గాక, దానిలో సగము వేగముతో తిరుగు కామ్ కడ్డీకి సంధించిరి. అందుచేతనే దానికి నాలుగాకుల పెద్ద ప్రొపెల్లరు కుదిరెను. ఇంజను తనంతట తానే చుట్టు తిరుగు రోటరీ జాతి ఇంజనులు నిమిషమునకు సుమారు 1,250 చుట్లు తిరుగును. వానికి రెండాకులు చాలును.

మూడవది ఆకు మెలి. మరమేకు ఒక చుట్టు తిరిగినప్పుడు కొయ్యలో ఎంత దూరము దిగునో దానిని భ్రమణాంతరమందురు. గాలిని మెత్తని కొయ్యగా భావించినచో, ప్రొపెల్లరునకును భ్రమణాంతరము ఉండును. దానిని కొలుచుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. ప్రొపెల్లరును సమతలమైన బల్లపై పరుండబెట్టి, నడిమి బిందువునుండి ఒక మీటరు దూరమున ఆకు బల్లతో ఎంత కోణము చేయుచున్నదో చూడవలెను. కోణము 20 డిగ్రీలైనచో, ఆ బిందువు తిరుగు వృత్తపు చుట్టుకొలత 6.28 మీటర్లను 20 డిగ్రీల టాంజెంటు విలువయగు 0.364తో గుణింపగా 2.29 మీటర్లు వచ్చును. అదియే భ్రమణాంతరము.

సమమైన భ్రమణాంతరము గల ప్రొపెల్లరులో అరమీటరు దూరమునను అదే 2.29 మీటర్లు రావలెను. చుట్టుకొలత సగమైనది గనుక కోణము పెరుగవలెను. లెక్క ప్రకారము 36 డిగ్రీలుండవలెను. నడుమ నిటారుగాను, కొసన చదునుగాను ఆకు మెలి తిరుగుటకు కారణమిదియే. ఇప్పుడు ఇంజను నిమిషమునకు 1,250 చుట్లు తిరిగినదనుకొన్నచో, ప్రొపెల్లరు గంటకు సుమారు 170 కిలోమీటర్లు ముందునకు పోవలెను. గాలి జారుటచేత నిజమైన వేగము సామాన్యముగా కొంత తక్కువగా నుండును. అయినను, గోడమీది కొయ్యను కొలిచి, దానిని మోసిన విమానము గంటకు రమారమి ఎన్ని కిలోమీటర్లు ఎగిరెనో చెప్పగలుగుట ఆశ్చర్యమే గదా!

నాలుగవది తిరుగు దిక్కు. ఆకునకు ఒక ముఖము చదునుగాను, మరియొకటి ఉబ్బుగాను ఉండును. అంచులలో ఒకటి మందముగా, గుండ్రముగా నుండును, అది ముందంచు. చదును ముఖము చూచువానివైపు ఉండునట్లు ప్రొపెల్లరును నిలువుగా నిలిపినప్పుడు, పై ఆకు ముందంచు కుడివైపున ఉన్నచో అది కుడిచేతి ప్రొపెల్లరు. ఎడమవైపున ఉన్నచో ఎడమచేతిది. ఇంజనునకు ప్రొపెల్లరునకు నడుమ ఒక జత పండ్లచక్రములు పెట్టినచో తిరుగు దిక్కు తారుమారగును. అదే ఇంజనును విమానమునకు వెనుకవైపు త్రిప్పి పెట్టి నెట్టించినను దిక్కు మారును. కావున ఎడమచేతి ప్రొపెల్లరు కనబడినచో, పరిశీలకునికి వెదకవలసిన విమానముల పట్టిక ఒక్కసారిగా చిన్నదగును.

నాభిమీది వ్రాత

బండిచక్రమునకు వలెనే ప్రొపెల్లరునకును నడుమ నాభి యుండును. ఇంజను కడ్డీ దూరు పెద్ద రంధ్రము, దాని చుట్టు మేకులు బిగించు చిన్న రంధ్రములు అందు కలవు. నడిమి రంధ్రపు వ్యాసము, మేకు రంధ్రముల సంఖ్య, అవి ఏర్పడిన వృత్తపు వ్యాసము, నాభి మందము అను ఈ నాలుగు కొలతలు ఇంజను జాతిని పట్టియిచ్చును. చెప్పు చూచి కాలు కొలుచుటవంటిది ఈ పని.

అంతకంటె విలువైనవి నాభిమీద కొయ్యలోనికి గుద్దిన అక్షరములు, అంకెలు. బ్రిటిషువారి ప్రొపెల్లరులపై సామాన్యముగా నమూనా చిత్రపటపు సంఖ్య, ఇంజను పేరు, అశ్వశక్తి, విమానపు పేరు కనబడును. డి అను అక్షరము ప్రక్కన వ్యాసము, పి అను అక్షరము ప్రక్కన భ్రమణాంతరము మిల్లీమీటర్లలో ఉండును. ఆర్.హెచ్. అన్న కుడిచేతిది, ఎల్.హెచ్. అన్న ఎడమచేతిది. ప్రభుత్వ విమాన తనిఖీ శాఖవారు పలకలు అంటించినప్పుడు, చెక్కినప్పుడు, తూచినప్పుడు వేసిన చిన్న చిన్న గుండ్రని ముద్రలును ఉండును. వీనిలో ముఖ్యమైనది చిత్రపటపు సంఖ్య. మిగిలిన అక్షరములు అరిగిపోయినను, అది ఒక్కటి దక్కినచో ఏ ఇంజనునకు, ఏ విమానమునకు ఆ నమూనా గీయబడినదో తెలియును.

జర్మనీ ప్రొపెల్లరులపై అశ్వశక్తికి గుర్తుగా పి.ఎస్. అను అక్షరములుండును. వ్యాసమునకు డి అనియే వ్రాయుదురు గాని, భ్రమణాంతరమునకు ఎస్ అని వ్రాయుదురు. కొలతలు సెంటీమీటర్లలో ఉండును. డి 270 అని యున్న జర్మనీదని, డి 2700 అని యున్న బ్రిటిషుదని మొదటి చూపుననే ఊహింపవచ్చును. కొయ్యమీద రెండును 2.7 మీటర్లే. అమెరికా ప్రొపెల్లరులలో అడుగులు, అంగుళములు కనబడును. అక్కడ మిక్కిలిగా దొరకునవి కర్టిస్ జె.ఎన్. 4 శిక్షణ విమానమునకు, దాని 90 అశ్వశక్తుల ఓ.ఎక్స్. 5 ఇంజనునకు చేసినవి.

ఆ కాలపు జర్మనీ తయారీదారుల పేర్లలో ఆక్సియల్, వోల్ఫ్, హైనె మొదలగువానితో పాటు ఒక పేరు తెలుగువారిని ఆకర్షించును. బెర్లిన్‌లోని నాయ్‌కోల్న్ పేటలో నుండిన ఆ సంస్థ పేరు గరుడ. విష్ణుమూర్తి వాహనమగు పక్షిరాజు పేరు పడమటి రణరంగమున ఎగిరిన ప్రొపెల్లరుల నాభులమీద ముద్రింపబడినదన్నమాట. ఆ పేరు చూచి ప్రొపెల్లరు భారతదేశమునుండి వచ్చినదని ఎవరైన తలచినచో, అది పేరును మాత్రమే చదివి కొలతలను చదువనందువలని పొరపాటగును.

కొయ్య సాక్ష్యము

నాభిమీది అక్షరములు చెరిగిపోయినప్పుడును కొయ్య మాటాడును. పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో అడ్డుకోతను పరిశీలించినచో, చెట్టు జాతి కొంతవరకు తెలియును. యాష్, ఓక్ కొయ్యలలో పెద్ద రంధ్రములు ఏటివలయమునకు మొదట వరుసగా తీరి యుండును. మహాగనిలో అవి అంతటను చెదరి యుండును. నిలువు ముఖమున సన్నని అలలవంటి గీతలును తరచుగా కనబడును. అక్రోటు కొయ్య ఈ రెంటికి నడిమి రకము. బ్రిటిషువారు మహాగనిని, అక్రోటును విరివిగా వాడిరి. జర్మనీవారు లేతరంగు పొరను, ముదురురంగు పొరను మార్చి మార్చి పేర్చిన ప్రొపెల్లరులు అనేకములు. కొయ్య జాతి ఒక్కటే తీర్పు చెప్పలేదు గాని, ఇతర సాక్ష్యములను బలపరచును, లేక ఖండించును.

జిగురును ఒక తేదీయే. నీటికి చెదరని కృత్రిమ రెజిన్ జిగురులు వాడుకలోనికి వచ్చినది 1930ల తరువాతనే. 1917 నాటిదని చెప్పు ప్రొపెల్లరు పొరల నడుమ అట్టి జిగురు కనబడినచో, తేదీ తప్పన్నమాట. అణ్వస్త్ర పరీక్షలవలన 1950ల మధ్యనుండి గాలిలో రేడియో కార్బను హెచ్చెను. ఆ తరువాత పెరిగిన కొయ్యలో ఆ హెచ్చుదల దాగియుండును. గోరంత కొయ్యపొడితో ఇటీవలి నకళ్ళలో కొన్నింటిని ఈ పరీక్ష బయటపెట్టగలదు. అయితే నకలు చేసినవాడు పాత కొయ్యనే వాడియున్నచో ఈ పరీక్ష ఏమియు చెప్పదు.

ప్రొపెల్లరు నిజముగా ఎగిరినదా అను ప్రశ్నకు జవాబు నాభి ముఖములలో ఉన్నది. ఇంజనునకు అమర్చునప్పుడు నాభిని రెండు ఉక్కు పళ్ళెముల నడుమ గట్టిగా బిగింతురు. ఆ పళ్ళెముల అంచులు, మేకు తలలు కొయ్యపై ఒత్తుకొని వలయములుగా గుర్తులు విడుచును. ఆ గుర్తులు బొత్తిగా లేకున్నచో, అది ఏ ఇంజనునకును తగిలింపబడలేదని చెప్పవచ్చును. యుద్ధము 1918 నవంబరులో ముగిసినప్పుడు మిగిలిపోయిన ప్రొపెల్లరులు విస్తారముగా అమ్మబడెను. నేడు గోడలమీద నిగనిగలాడుచున్న వానిలో కొన్ని ఒక్క నిమిషమైనను తిరుగనివి. అరిగి, గీట్లుపడి, కొస విరిగి యున్నదే తరచుగా ఎక్కువ కథ తెలిసినది.

తప్పుత్రోవలు

కొయ్యదైనంత మాత్రమున మొదటి యుద్ధకాలపుదని నిర్ణయింపరాదు. లోహపు ప్రొపెల్లరులు 1920లలో వ్యాపింప మొదలిడినను, 1938లో బ్రిటిషు వైమానిక దళమునకు చేరిన తొలి స్పిట్‌ఫైర్ విమానములు కొయ్యతో చేసిన రెండాకుల ప్రొపెల్లరులతోనే వచ్చెను. చిన్న విమానములకు కొయ్య ప్రొపెల్లరులు నేటికిని తయారగుచున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో ఫిరంగి గురికి అలవాటుపడుటకై మనిషి లేక ఎగురు చిన్న విమానములు వేలకొలది చేయబడెను. రేడియోప్లేన్ ఓ.క్యూ. 2 అనునది వానిలో ఒకటి. దానికి ఒకదాని వెనుక నొకటిగా, ఎదురెదురు దిక్కులకు తిరుగు రెండు చిన్న ప్రొపెల్లరులుండెను. అవి నేడు ఎక్కడనైన దొరికినప్పుడు, ఏదో తొలినాటి విమానపువని పొరపడుటకు అవకాశము కలదు. వ్యాసము కొలిచినచో ఆ భ్రమ తొలగును.

1930లలో అమెరికా పల్లెలలో బ్యాటరీలకు విద్యుత్తు నింపుటకు వాడిన గాలిమరల ఆకులును కొయ్యవే. వీనిని వేరుచేయుటకు సులభమైన పరీక్ష కలదు. ప్రొపెల్లరులో గుండ్రని ముందంచు ఉబ్బు ముఖమువైపునకు వాలియుండును. గాలిమరలో చదును ముఖమువైపునకు వాలియుండును. ఒకటి గాలిని త్రోయునది, మరియొకటి గాలిచే త్రోయబడునది. చేయు పని మారిన ఆకారము మారవలసినదే.

ఇక అలంకారమునకై చేసిన నకళ్ళు. వీనిని చేయువారు రంగును, పాతదనమును, తయారీదారు చీటీని అనుకరింతురు గాని, లెక్కను అనుకరింపరు. ఆకు కోణము నడుమనుండి కొసవరకు ఒకే తీరుగా నుండుట, రెండు ముఖములును ఒకే విధముగా ఉబ్బియుండుట, పొరలు లేక ఒకే పలకనుండి చెక్కియుండుట, నాభి మందము ఏ ఇంజను మేకులకును సరిపడకుండుట వీని లక్షణములు. అట్టి వస్తువును ఇంజనునకు తగిలించినచో సరిగా లాగదు. కంటిని మోసగింపవచ్చును గాని గాలిని మోసగింపలేరు.

ఎంతవరకు చెప్పవచ్చును

ఇన్ని సాక్ష్యములును కలిసి ప్రొపెల్లరు ఏ నమూనాదో, ఏ ఇంజనుదో, ఏ జాతి విమానముదో చెప్పగలవు. ఏ వైమానికుడు దాని వెనుక కూర్చుండెనో చెప్పలేవు. ఇందుకు భారతీయులకు ఆత్మీయమైన ఉదాహరణ నొకదానిని తీసికొనవచ్చును.

కలకత్తాలో 1898లో జన్మించిన ఇంద్రలాల్ రాయ్ బ్రిటిషు వైమానిక దళములో 40వ స్క్వాడ్రనున ఎస్.ఇ. 5ఏ విమానమును నడిపెను. 1918 జూలై నెలలో రెండు వారముల లోపున పది వైమానిక విజయములు సాధించి, అదే నెల 22న పోరులో నేలకొరిగెను. అప్పటికతనికి ఇరువది ఏండ్లైనను నిండలేదు. ఎస్.ఇ. 5 జాతి విమానములు 5,000కు పైగా తయారైనవి. వానిలో పండ్లచక్రములుగల హిస్పానో ఇంజనునకు నాలుగాకుల ప్రొపెల్లరును, పండ్లచక్రములు లేని వైపర్ ఇంజనునకు రెండాకుల ప్రొపెల్లరును పెట్టిరి. ఎస్.ఇ. 5ఏ ముద్రగల ప్రొపెల్లరును చూపి "ఇది రాయ్‌ది" అని ఎవరైన చెప్పినచో, కొయ్య ఇచ్చు జవాబు "అట్టి విమానముదే" అన్నంతవరకే. మిగిలినదానికి కాగితము కావలెను. అది ఆనాటి ఉత్తరమో, ఛాయాచిత్రమో, దళపు దినచర్య పుస్తకమో కావచ్చును.

ఈ జాగ్రత్త ఎందులకన్న, ప్రొపెల్లరుతో ముడిపడిన మాటలు చాలవరకు మృతులను గురించినవి. యుద్ధకాలమున చనిపోయిన వైమానికుల సమాధులపై విరిగిన ప్రొపెల్లరు కొయ్యతో చేసిన శిలువలను తోటివారు నాటుచుండిరి. నాలుగాకుల ప్రొపెల్లరు తనంతట తానే శిలువ ఆకారము. మరికొన్నింటి నాభులలో గడియారములు అమర్చి ఇండ్లకు కొనిపోయిరి. 1918 ఏప్రిల్ 21న జర్మనీ వీరుడు రిఖ్తోఫెన్ కూలినప్పుడు, అతని విమానమును జ్ఞాపకచిహ్నముల కొరకు సైనికులు ముక్కలు ముక్కలుగా పంచుకొనిరి. ఒక కొయ్యముక్కకు లేని పేరు తగిలించుట వలన దాని వెల పెరుగవచ్చును. కాని దానిని నిజముగా మోసిన మరియొక యువకుని పేరు అంతటితో మరుగున పడును.

తోమిన పోవునది

ఇక్కడ ఒక విచారకరమైన సంగతి చెప్పవలసియున్నది. పాత ప్రొపెల్లరులకు కలుగు పెద్ద హాని చెదలవలనగాని, తేమవలనగాని కలుగునది మాత్రమే కాదు. ప్రేమవలన కూడ కలుగుచున్నది. తాతగారి వస్తువు మాసిపోయినదని మనుమడు గరుకు కాగితముతో రుద్ది, క్రొత్త వార్నిషు పూయును. మూడు గంటలలో కొయ్య అద్దమువలె మెరయును. అంతటితో నాభిమీది అంకెల లోతు తగ్గిపోవును. తనిఖీ ముద్రలు మాయమగును. తయారీదారు చీటీ చినిగిపోవును. పళ్ళెపు ఒత్తుగుర్తులు సమమగును. కొలతలు, రంధ్రములు మాత్రము మిగులును. నూరేండ్లు నిలిచిన సాక్ష్యము ఒక సెలవురోజున ముగియును. కావున మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడుచుట, ప్రక్కనుండి పడు వెలుతురులో నాభిని ఛాయాచిత్రము తీయుట, అంకెలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనుట, ఇంటిలో చెప్పుకొను కథను చెప్పినవారి పేరుతో సహా కాగితముపై పెట్టుట, ఇంతవరకే యజమాని చేయదగిన పని. తేమ ఒక కొసకు దిగి తూకము చెడకుండ దానిని అడ్డముగా నుంచుట మంచిది.

1903 డిసెంబరు 17న నాలుగవ ప్రయాణము ముగిసిన పిదప పెనుగాలి వీచి రైట్ సోదరుల విమానమును పల్టీలు కొట్టించెను. అది మరల ఎగురలేదు. ఆ విమానపు ఎడమ ప్రొపెల్లరు కొయ్యముక్క యొకటి, రెక్కగుడ్డ ముక్క యొకటి 1969 జూలైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెంట అపోలో 11 నౌకలో చంద్రునివరకు పోయి తిరిగివచ్చెను. చూచుటకు ఆ కొయ్య ఏ వడ్రంగి కొట్టులోనైన నేలరాలు స్ప్రూస్ పేడువంటిదే. ఎవరు చెక్కిరో, ఎప్పుడు చెక్కిరో, అది ఎవరి చేతులు మారి వచ్చినదో తెలిసియుండుటచేతనే దానికి ఆ గౌరవము దక్కెను.